పన్నెండు తర్వాత ఎనిమిది

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి సార్. పెట్టేస్తాను."

ఆ మాట చెవినపడి కూపీ మేడం గుమ్మంలోనే ఆగిపోయింది. సంతకం పెట్టనని మొండికేసినవాళ్లను ఆమె చూసింది. పెట్టి మర్నాడు అడ్డం తిరిగినవాళ్లనూ చూసింది. అడిగి మరీ పెన్ను కోసం చెయ్యి చాపిన మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు. అదీ, నిర్లక్ష్యంతో ఒక ప్రాణం తీశానన్న ఒప్పుకోలు మీద!

"ఆ పెన్ను ఇవ్వకండి," అంది లోపలికి వస్తూనే.

ఇన్‌స్పెక్టరు తలెత్తి చూశాడు. చేదుమాత్ర నమిలినట్టయింది ఆయన మొహం. "వచ్చారా! పొద్దున్నుంచీ ఏదో వెలితిగా ఉందే అనుకుంటున్నాను."

"నాకూ మిమ్మల్ని చూడక అన్నం సయించడం లేదు," అంటూ కుర్చీ లాక్కుంది కానీ కూర్చోలేదు. కూర్చోవడం ఆమెకు చేతకాని పని. కేసు చేతిలో ఉన్నన్నాళ్లూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటుంది, చూసేవాళ్లకు మెడలు పట్టేస్తాయి. ఈ ప్రైవేటు డిటెక్టివ్‌కి కూపీ మేడం అని పేరు పెట్టింది ఈ స్టేషనువాళ్లే. కూపీ లాగందే వదలదని మొదట్లో చాటుగా అనుకునేవారు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు.

బల్ల అవతల కూర్చున్న అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయేమో. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. యంత్రాలు చేసేవాళ్లు ఒక కంప్యూటర్ భాషలో రాసిచ్చిన హెడర్ ఫైళ్లను ఇంకో భాషలోకి మార్చడం ఆమె వృత్తి. అందుకే ఆఫీసులో అందరికీ ఆమె హెడరమ్మ. మొన్న ఒక పళ్ల కోల్డ్ స్టోరేజీలో ఆమె మావయ్య గాలాడక చనిపోయాడు. స్టోరు మంచీచెడూ చూసే పెద్దాయన ఆయనే. తల్లి పోయాక ఈ పిల్లను పెంచిందీ ఆయనే.

"మీ అత్తయ్య పంపితే వచ్చాను," అంది మేడం. "మొగుడు ఎలాగూ పోయాడు, పిల్లనైనా నాకు దక్కించమ్మా అని ఏడ్చింది."

హెడరమ్మ మొహం చేతుల్లో దాచుకుంది. "అత్తయ్యకి ఏ మొహం పెట్టుకుని కనపడనండీ? మావయ్యని నా చేతులారా చంపుకున్నాను."

"ఎలా చంపావో అదే చెప్పు. నాకు కంప్యూటరంటే కరెంటు బిల్లు కట్టడం వరకే తెలుసు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు."

అమ్మాయి ముక్కు తుడుచుకుంది. పని సంగతి ఎత్తగానే ఆమె గొంతు కాస్త నిలదొక్కుకుంది. "ఆ స్టోరులో ఆపిల్ పళ్లు నిలవ చేస్తారండీ. గదిలో ఆక్సిజన్ తీసేసి రెండు శాతమే ఉంచుతారు. అప్పుడే పళ్లు నెలల తరబడి పాడవకుండా ఉంటాయి. మనిషి వెళ్తే మాత్రం రెండు ఊపిర్లకే పడిపోతాడు. అందుకని తలుపు పక్కన ఒక తెర ఉంటుంది. గది తెరవాలంటే ముందు ఫ్యాను వేసి బయటి గాలి పంపుతారు. తెర మీద ఇరవై ఒకటి కనబడితే లోపల గాలి మామూలుగా ఉన్నట్టు. అప్పుడే తలుపు తీస్తారు."

"ఆ తెరకి అంకె ఎక్కణ్ణించి వస్తుంది?"

"గాలి కొలిచే పెట్టె నుంచి. అది వరసగా నాలుగు అంకెలు పంపుతుంది. గది నంబరు, గదిలో చలి, గదిలో ఆక్సిజన్, బయట వసారాలో ఆక్సిజన్. ఏది ముందో ఏది వెనకో ఆ పెట్టె చేసినవాళ్లు సి భాషలో రాసిచ్చారు. అదే హెడర్ ఫైలు. తెరను నడిపే ప్రోగ్రామేమో పాస్కల్‌లో ఉంది, దానికి సి అర్థం కాదు. అందుకని నేను లైను లైనూ పాస్కల్‌లోకి మారుస్తాను."

"అంటే మందుల షాపులో ఏ సొరుగులో ఏ మాత్రలున్నాయో అంటించిన చీటీల్లాంటివి. నువ్వు ఆ చీటీలనే ఇంకో భాషలో రాసి అంటిస్తావు."

"అంతేనండీ. చీటీ తారుమారైతే మాత్ర తారుమారవుతుంది. షాపువాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు."

"అయింది కదా తారుమారు!" ఇన్‌స్పెక్టరు ఒక ప్రింటు కాగితం తీసి బల్ల మీద చరిచాడు. "స్టోరు కంప్యూటర్లో ఉన్న ఫైలు ఇది. గది ఆక్సిజనూ వసారా ఆక్సిజనూ అటుదిటూ ఇటుదటూ అయ్యాయి. వసారాలో గాలి ఇరవై ఒకటి. దాన్నే గదిలో గాలి అని తెర చూపించింది. పెద్దాయన నమ్మి లోపలికెళ్లాడు. ఫైలు మార్చింది ఈవిడ, తప్పు నాదేనంటోందీ ఈవిడే. నాలుగింటికి కోర్టులో హాజరుపరుస్తాను. మీరు టీ తాగి బయల్దేరండి."

ఇంతలో తలుపు దగ్గర అలికిడైంది. చేతిలో నీళ్ల సీసాతో ఒకాయన మొహమాటంగా తొంగిచూశాడు. "సార్, పిల్ల పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు."

"ఆఫీసులో అందరం అన్నయ్య అంటాం," అంది హెడరమ్మ. "అన్నీ తనే చూసుకుంటాడు. నేను ఫైళ్లు మార్చి ఇస్తే, ప్రోగ్రాం తయారుచేసి స్టోర్లకు వెళ్లి పెట్టేది తనే."

"ఇదీ నేనే పెట్టాను మేడం," అన్నాడు అన్నయ్య. కళ్లనిండా నీళ్లున్నాయి. "తను ఇచ్చింది కదా అని చూసుకోకుండా పెట్టేశాను. తప్పులో నాకూ వాటా ఉంది. నన్ను కూడా వెయ్యండి లోపల."

మేడానికి ఆ మనిషి మీద జాలేసింది. ఈ రోజుల్లో తప్పులో వాటా అడిగేవాడు ఎవడున్నాడు? ఆమె తల పంకించి, బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కాగితం మీదికి వంగింది. పాస్కల్ ఆమెకు అర్థం కాలేదు. లైన్ల చివరన ఉన్న అంకెలు మాత్రం అర్థమయ్యాయి.

"ఇవేమిటమ్మా?"

"స్థానాలండీ. నా గుర్తు కోసం వేసుకునేవి, కంప్యూటర్ వీటిని పట్టించుకోదు, లైన్ల వరసే చూస్తుంది. ఒక్కో అంకె పట్టడానికి నాలుగేసి బైట్ల చోటు కావాలి. మొదటిది సున్నా దగ్గర మొదలవుతుంది, రెండోది నాలుగు దగ్గర, అలా."

"లైను రాశాక వేస్తావా?"

"ముందేనండీ. స్థానాలన్నీ పైనుంచి కిందికి ఒక్కసారే వేసేసుకుంటాను. ఆ తర్వాతే ఒక్కో స్థానం దగ్గర లైను నింపుకుంటూ వస్తాను. చాదస్తం అంటారని ఎవరికీ చెప్పను."

"సున్నా, నాలుగు, పన్నెండు, ఎనిమిది," చదివింది మేడం. "పన్నెండు తర్వాత ఎనిమిది ఎలా వచ్చింది తల్లీ?"

హెడరమ్మ కాగితం లాక్కుంది. అంకెల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదువుకుంది. అంతకుముందు దుఃఖంలో ఆ రెండు పేర్లు చూసి కుప్పకూలిందే తప్ప పక్కనున్న అంకెల వైపు ఆమె చూడనేలేదు.

"ఇది... నేను తప్పుగా నింపి ఉంటే స్థానాలు వరసలోనే ఉండాలి. ఎనిమిది దగ్గర వసారా అని ఉండాలి, అంతే. ఇక్కడ అంకెతో సహా లైనే కదిలిందండీ. రాసేశాక ఎవరో ఎత్తి పెట్టారు."

"ఎవరో ఎందుకు? నువ్వే ఎత్తి పెట్టావు," ఇన్‌స్పెక్టరు వెంటనే అందుకున్నాడు. "నిద్రమత్తులో లైను కత్తిరించి ఒకచోటికి బదులు ఇంకోచోట అతికించావు. మా ఇంట్లో మా అబ్బాయి అసైన్‌మెంట్లన్నీ అలాగే ఏడుస్తాయి."

మేడం గోడ దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది. గడియారం చూసుకుంది. మళ్లీ గోడ దాకా వెళ్లింది. అన్నయ్య తలుపు దగ్గరే నిలబడి సీసా మూత తిప్పుతున్నాడు.

"తెర మీద చూపించేది గది ఆక్సిజన్. మరి వసారా ఆక్సిజన్‌తో ఏం పని? దాన్నెవరు చూస్తారు?"

"మనుషులెవరూ చూడరండీ. అది సైరన్ కోసం. గదిలోంచి గాలి కారి వసారాలో ఆక్సిజన్ తగ్గిపోతే, అక్కడ తిరిగేవాళ్లు పడిపోకుండా సైరన్ మోగుతుంది."

తిరుగుతున్న కూపీ మేడం టక్కున నిలబడింది. ఆమె నిలబడటం ఎంత అరుదో ఇన్‌స్పెక్టరుకు తెలుసు. అందుకే ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

"స్టోరుకు వెళ్దాం రండి," అంది.

"నేనెందుకు?"

"సరే, ఒక్కదాన్నే వెళ్తాను."

"అమ్మో, మీరొక్కరే వెళ్తే అక్కడ లేనివి కూడా దొరుకుతాయి," అంటూ ఇన్‌స్పెక్టరు టోపీ అందుకున్నాడు. "అరెస్టు కాగితాలు నేను వచ్చాక రాద్దురు గానీ," అని రైటరుకు చెప్పి జీపెక్కాడు.

వసారా పొడుగ్గా, చల్లగా ఉంది. పెద్దాయన పడిపోయిన మూడో గది తలుపు తెరిచే ఉంది, దానికి అడ్డంగా పోలీసువాళ్లు కట్టిన పసుపు రిబ్బను. పక్కనే నాలుగో గది మూసి ఉంది. పెద్దాయన పోయిన రోజు నుంచీ ఇక్కడ ఏదీ ముట్టుకోవద్దన్నారు. వాచ్‌మన్, ఎలక్ట్రీషియన్ ఇద్దరూ గోడకు ఆనుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు.

మేడం నాలుగో గది తెర దగ్గరికి వెళ్లింది. ఇరవై పాయింట్ తొమ్మిది అని ఉంది.

"ఈ గది తెరిచారా?"

"లేదమ్మా, నిండా సరుకుంది," అన్నాడు వాచ్‌మన్. "అన్ని గదులకీ అదే ప్రోగ్రాం. ఈ తెర కూడా అబద్ధమే చెప్తోంది. లోపల రెండే ఉంటుంది."

"ఆ రోజు సైరన్ మోగిందా?"

"లేదమ్మా. సోమవారం పొద్దున పరీక్షకని మోగిస్తే చెవులు చిల్లులు పడ్డాయి. సాయంత్రం కొత్త ప్రోగ్రాం పెట్టారు. మంగళవారం పెద్దాయన పోయాడు. మధ్యలో మోగనేలేదు."

"ఎందుకు మోగుతుంది?" ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. "వసారాలో గాలి బాగానే ఉందిగా."

"గాలి బాగానే ఉంది. కానీ వసారా అంకె అని ప్రోగ్రాంకి అందింది ఏ అంకె?"

"వసారాది... కాదు, తారుమారయ్యాయి కాబట్టి గదిది."

"అంటే ఎంత?"

"రెండు." ఆ మాట అన్నాక ఇన్‌స్పెక్టరు నోరు తెరిచే ఉండిపోయింది.

"వసారాలో రెండు శాతం అని తెలిస్తే సైరన్ ఏం చెయ్యాలి సార్? కొత్త ప్రోగ్రాం పెట్టిన నిమిషం నుంచీ ఊరు ఊరంతా లేచేలా అరవాలి. తారుమారు చేస్తే తెర అబద్ధం చెప్తుంది, నిజమే. కానీ అదే తారుమారు సైరన్‌ని కూడా లేపుతుంది. మరి ఎందుకు లేవలేదు?"

ఎలక్ట్రీషియన్ను ఎవరూ పిలవక్కర్లేకపోయింది. అతనే నిచ్చెన తెచ్చి గోడకు ఆనించి, పైకెక్కి, సైరన్ ఎర్ర బూరా వెనకాల మూత ఊడదీశాడు. లోపలికి తొంగిచూశాడు.

"వైర్లు ఊడి ఉన్నాయి సార్."

"ఏ ఎలకో కొరికి ఉంటుంది."

"ఎలక మరలు విప్పి టేపు చుట్టదు సార్," అన్నాడు ఎలక్ట్రీషియన్ పైనుంచే. "రెండు కొసలకీ నీటుగా చుట్టి లోపలికి తోశారు. కొత్త టేపు."

"కలుపు నాయనా," అంది మేడం.

కలిపాడు. ఆ మోత చెప్పనలవి కాదు. ఇన్‌స్పెక్టరు రెండు చెవులూ మూసుకునే హడావిడిలో టోపీ జారి కిందపడింది. నిచ్చెన మీది మనిషి మళ్లీ వైరు పీకేదాకా ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.

"పొరపాటు రెండు లైన్లను తారుమారు చెయ్యగలదు, ఒప్పుకుంటాను," అంది మేడం, టోపీ తీసి ఆయన చేతికిస్తూ. "నిచ్చెనెక్కి టేపు చుట్టదు. లైన్లు మారిస్తే సైరన్ అరుస్తుందని తెలిసినవాడే ముందుగా దాని నోరు నొక్కాడు. పనయ్యాక మళ్లీ కలిపేద్దామనుకుని ఉంటాడు. అప్పటికే మీరు రిబ్బను కట్టి కానిస్టేబుల్ని కూర్చోబెట్టారు. మీ వల్ల జరిగిన మేలు అదొక్కటి."

ఇన్‌స్పెక్టరుకు మెడమీద తలే కాదు, తల్లో గుజ్జు కూడా ఉంది. కాసేపు బూరా వంక చూసి నిట్టూర్చాడు. "నిర్లక్ష్యం కాదు. హత్య." వెంటనే ఆయన కళ్లు మెరిశాయి. "అయితే ఎవడో కూడా నాకు తెలుసు. స్టోరు యజమాని బావమరిది! కుళ్లిన సరుకు బయటికి పంపనివ్వలేదని పోయిన వారమే పెద్దాయన మీద చెయ్యెత్తాడు. లైన్లు మార్చడం వాడికి రాకపోతే ఎవడిచేతనో మార్పించి ఉంటాడు. వాణ్ణి ఇవాళే లోపలేస్తాను."

"ముందు ఆ పిల్లని వదిలిపెట్టించండి," అంది మేడం. "రెండు ముద్దలు తిని పడుకోనివ్వండి. మావయ్యని చంపింది తను కాదని ఎవరో ఒకరు దాని చెవిన వెయ్యండి."

ఇన్‌స్పెక్టరు ఫోను చేసి రైటరుకు ఆ రెండు మాటలూ చెప్పాడు. కూపీ మేడానికి చాలా రోజుల తర్వాత ప్రాణం తేలికపడింది. పొద్దున పెన్ను కోసం చాచిన ఆ చెయ్యి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి కూడా. ఆ పిల్ల జన్మంతా మోయాల్సిన బరువు ఈ పూటతో దిగిపోయింది.

అయినా ఆమె కాళ్లు ఒకచోట నిలవలేదు. రిబ్బను ఇటువైపు నుంచి అటువైపుకు, అటు నుంచి ఇటుకు తిరిగింది. ఇన్‌స్పెక్టరు బావమరిది ఇంటికి జీపు పంపే ఏర్పాట్లలో పడ్డాడు. మేడానికి మాత్రం ఆ బావమరిది ఎంతకీ గొంతు దిగడం లేదు. చెయ్యెత్తి కొట్టబోయే కోపిష్టివాడు టేపు నీటుగా చుడతాడా?

"ఆ పొద్దున పెద్దాయన గది ఎందుకు తెరిచాడు?" అని వాచ్‌మన్‌ను అడిగింది.

"తెరవాల్సింది ఆయన కాదమ్మా." వాచ్‌మన్ కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "మేనకోడలు వస్తానంది. కొత్త ప్రోగ్రాం పెట్టాక లోపలున్న కొలత పెట్టెని తనే దగ్గరుండి చూసుకోవాలంది. వాళ్లు ప్రోగ్రాం పెట్టిన ఇంకో స్టోరులో పెట్టె చెడిపోయినా తెర మీద మంచి అంకె కనబడేలా ఎవరో చేశారట, ఇక్కడ కూడా చూసుకుని యజమానికి చెప్పేస్తానంది. దారిలో బండి చెడి ఆలస్యమైంది. మేం ఫ్యాను వేసి గంట కాలేదు, తెర చూస్తే ఇరవై ఒకటి ఉంది, అంతకుముందు ఎంతుందో ఎవరమూ చూడలేదు. కొత్త ప్రోగ్రాం కదా, తొందరగా చూపిస్తోందనుకున్నాం. పిల్లకి జలుబుగా ఉంది, ఈ చలిలోకి వద్దు, నేనే చూసి చెప్తాలే అని ఆయన వెళ్లాడు."

కూపీ మేడం రిబ్బను దగ్గరే ఆగిపోయింది. పెద్దాయన కోసం పన్నిన వల కాదిది. ఆ పొద్దున ఇరవై ఒకటి చూసి లోపలికి నడవాల్సింది హెడరమ్మ. చచ్చాక కూడా తప్పు తన ఫైల్లోనే, తను చేసిందిగానే తేలాలి. అడిగేవాడు ఉండడు.

"తను ఆ పొద్దున వస్తున్నట్టు ఎవరికి తెలుసు?"

"మాకు తెలుసు. వాళ్ల ఆఫీసు అన్నయ్యగారికి తెలుసు. గది తెరవడానికి సిద్ధంగా ఉంచమని ఫోను చేసి చెప్పింది ఆయనేగా."

ఎవడో అనామకుడిని వెతకాల్సిన పని లేదు. కొత్త ప్రోగ్రాం మొదలుపెట్టిన క్షణంలోనే సైరన్ అరవాలి. అరవలేదంటే, మొదలుపెట్టేముందే వైరు ఊడింది. మొదలుపెట్టినవాడే ఊడదీశాడు. ఇంకో స్టోరులో చెడ్డ పెట్టెకి మంచి అంకె తొడిగిందీ వాడే. అది ఆ పిల్ల బయటపెట్టకూడదనే ఈ వల. పెట్టింది నేనేనని, తప్పులో నాకూ వాటా ఉందని కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చెప్పాడు. అలా చెప్తుంటే జాలిపడింది ఎవరు? తనే. పన్నెండు తర్వాత ఎనిమిది అని తను చదువుతుంటే అక్కడే నిలబడి విన్నాడు కూడా.

మేడం స్టేషనుకు ఫోను చేసింది. రైటరు హుషారుగా ఎత్తాడు.

"ఇప్పుడే వెళ్లింది మేడం! విషయం చెప్పగానే ఏడుస్తూ నవ్వుతూ అందరికీ దణ్ణాలు పెట్టింది. పాపం, ఆ అన్నయ్యే కారులో ఎక్కించుకున్నాడు."

"ఇంటికేనా?"

"ఇంటికి కాదు మేడం. వాళ్ల ఇంకో స్టోరులో ఇవాళ గది తెరుస్తున్నారట. అక్కడ కూడా ఎవడో లైన్లు మార్చి ఉంటే ఎలా, తొందరగా వెళ్లి చూద్దాం పద అని ఆయనే అన్నాడు. మావయ్యలాగా ఇంకొకరు పోకూడదంటూ ఈ అమ్మాయి ఆయనకంటే ముందు పరిగెత్తింది."

"ఏ స్టోరు? ఎక్కడుంది?"

"అదేమీ చెప్పలేదు మేడం. అడగాలని నాకూ తట్టలేదు."

మేడం మొహం చూసి ఇన్‌స్పెక్టరుకు సగం అర్థమైపోయింది. మిగతా సగం ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన మారు మాట్లాడకుండా తన ఫోను తీసి హెడరమ్మ నంబరు నొక్కాడు. అవతల మోగడం మొదలైంది. రైటరు ఇంకా లైన్లోనే ఉన్నాడు, కూపీ మేడం తన ఫోను చెవి దగ్గరే పెట్టుకుంది.

అంతలో ఆమె చెవి దగ్గరున్న ఫోనులోంచి కూడా సన్నగా ఏదో మోగడం వినిపించింది.

"ఒక్క నిమిషం మేడం," అన్నాడు రైటరు. "ఇక్కడ బల్ల మీద ఎవరిదో ఫోను మోగుతోంది."